దస్తావేజు – హక్కు

స్థిరాస్తి క్రయవిక్రయాలలో వాడే పత్రాల భాషను, ఆ భాష వెనుక ఉన్న న్యాయసూత్రాలను విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠ్యభాగం ఉద్దేశం.

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అని లోకోక్తి. ఎవరి ఇల్లు వారే కట్టుకొనే కాలంలో పుట్టిన మాట అది. నేటి పట్టణాలలో ఇల్లు కట్టేవారికంటె, కట్టిన ఇంటినో కట్టబోయే ఇంటినో కొనేవారే ఎక్కువ. గోడ నాణ్యతను మేస్త్రి చూసిపెడతాడు. పత్రం నాణ్యతను చూసుకోవలసిన భారం మాత్రం కొనేవానిదే. ఒక మధ్యతరగతి కుటుంబం ఇరవై ఏళ్ళ పొదుపును, రాబోయే ఇరవై ఏళ్ళ జీతంపై తెచ్చిన అప్పును ఒక్కటిగా కలిపి, ఒక్క రోజున సబ్-రిజిస్ట్రారు కార్యాలయంలో ధారపోస్తుంది. ప్రతిగా చేతికి వచ్చేది ముద్రలు పడిన కొన్ని కాగితాలు. ఆ కాగితాలు ఏమి చెబుతున్నాయి, ఏమి చెప్పడం లేదు అన్నదే ఇక్కడ విచారించవలసిన విషయం.

క్రయ దస్తావేజు భాష గంభీరమైనది. కొన్నవారు ఆ ఆస్తిని ‘పుత్రపౌత్ర పారంపర్యంగా’, ‘దాన వినిమయ విక్రయాది సర్వస్వామ్య హక్కులతో’ అనుభవించవచ్చునని అందులో వ్రాస్తారు. ఈ మాటలు నిన్న మొన్నటివి కావు. విజయనగర కాలపు దానశాసనాలలో భూమిని అష్టభోగాలతో సహా ఇచ్చినట్లు చెక్కించేవారు. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అన్నవి ఆ ఎనిమిది భోగాలు. నేలలో దొరికే ధనం, దాచిన సొమ్ము, నీరు, రాయి మొదలుకొని ఇప్పుడు వస్తున్న ఫలం, ఇక ముందు రాబోయే ఫలం వరకు అన్నీ అందులో చేరాయి. కొన్ని పాత దస్తావేజులలో ఈ జాబితా నేటికీ కనబడుతుంది. రాతిమీది మాట కాగితంమీదికి దిగింది. కాని ఒక ముఖ్యమైన భేదం ఉంది. శాసనంలో మాట ఇచ్చినవాడు రాజు. దస్తావేజులో మాట ఇచ్చేవాడు అమ్మకందారు. ప్రభుత్వం ఆ మాటను నమోదు మాత్రం చేస్తుంది. దానికి పూచీ పడదు.

రిజిస్ట్రేషన్ చేసేది, చేయనిది

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం రు. 100, అంతకు మించిన విలువగల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజు ద్వారానే జరగాలి. నోటిమాటతోను, తెల్లకాగితంతోను యాజమాన్యం మారదు. బయానా ఇచ్చి వ్రాసుకొనే అగ్రిమెంటు కూడా ఆస్తిని బదిలీ చేయదు. అమ్మకందారు తరువాత మొండికేస్తే, అగ్రిమెంటు ప్రకారం దస్తావేజు వ్రాయించి ఇవ్వమని కోర్టును కోరే అవకాశం మాత్రమే దానివల్ల కలుగుతుంది. దానికీ గడువు మూడేళ్ళు. అగ్రిమెంటులో తేదీ నిర్ణయించి ఉంటే ఆ తేదీ నుండి, లేకపోతే అమ్మకందారు నిరాకరించిన సంగతి తెలిసిన నాటి నుండి ఆ గడువును లెక్కిస్తారు. బయానా చేతిలో ఉందన్న ధీమాతో పదేళ్ళు ఊరుకున్నవారికి చివరకు మిగిలేది కాగితమే.

రిజిస్టరు అయితే చాలునా అంటే, చాలదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద పనిచేసే సబ్-రిజిస్ట్రారు ప్రధానంగా చూసేవి కొన్ని: దస్తావేజు వ్రాసి ఇచ్చినవారు వారేనా, సంతకం తమదేనని ఒప్పుకొన్నారా, స్టాంపు సుంకం సరిపోయిందా, ఆస్తి నిషేధిత జాబితాలో ఉందా. అమ్మేవానికి నిజంగా హక్కు ఉన్నదా లేదా అని తీర్పు చెప్పే అధికారం ఆయనకు లేదు. తమిళనాడుకు చెందిన ఒక వివాదంలో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో ఈ సంగతినే స్పష్టం చేసింది. అమ్మకందారు తన హక్కును రుజువు చేస్తేనే రిజిస్టరు చేయాలన్న అక్కడి నియమాన్ని కొట్టివేసింది. హక్కులేనివాడు దస్తావేజు రిజిస్టరు చేసి ఇస్తే, దానివల్ల కొన్నవారికి ఏ హక్కూ రాదు. తనకు లేనిదానిని ఎవడూ ఇంకొకరికి ఇవ్వలేడు. స్థిరాస్తి న్యాయమంతా ఈ ఒక్క సూత్రం చుట్టూ తిరుగుతుంది.

అందుచేత చేతిలోని దస్తావేజుకంటె దాని వెనుక ఉన్న దస్తావేజులు ముఖ్యం. వీటిని వ్యవహారంలో ‘లింకు డాక్యుమెంట్లు’ అంటారు. ఇప్పుడు అమ్ముతున్నవానికి ఆస్తి ఎవరి ద్వారా వచ్చింది, వారికి ఎలా సంక్రమించింది అని వెనక్కు నడచుకొంటూ పోవాలి. సామాన్యంగా ముప్పై ఏళ్ళకు తక్కువ కాకుండా చూడమని న్యాయవాదులు సలహా ఇస్తారు. ఆ గొలుసులో ఒక్క లంకె తెగినా, తరువాతి లంకెలు ఎంత గట్టివైనా ప్రయోజనం లేదు.

ఈ.సి. చెప్పని సంగతులు

ఆస్తిపై జరిగిన లావాదేవీలను తెలిపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌ను జనం ‘ఈ.సి.’ అని పిలుస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరులో రిజిస్ట్రేషన్ కార్యాలయాల కంప్యూటరీకరణ మొదలైంది. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాలలోను 1983 నుండి జరిగిన లావాదేవీల వివరాలను ఇంటినుండే చూడవచ్చు. అంతకు ముందటివాటికి కార్యాలయానికి వెళ్ళి దరఖాస్తు చేయాలి.

ఈ.సి.లో ఏమీ లేదు కనుక ఆస్తి నిష్కళంకమని చాలామంది భావిస్తారు. అది సరికాదు. అందులో కనబడేవి సబ్-రిజిస్ట్రారు కార్యాలయానికి వచ్చిన పత్రాలు మాత్రమే. యజమాని మరణిస్తే వారసులకు హక్కు చట్టంవల్లనే సంక్రమిస్తుంది. దానికి దస్తావేజు ఉండదు. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కోర్టులో నడుస్తున్న దావా చాలాసార్లు ఈ.సి.లో కనబడదు. దావా నడుస్తుండగా ఆ ఆస్తిని కొన్నవారు, దావా ఉందని తమకు తెలియకపోయినా, చివరి తీర్పుకు కట్టుబడక తప్పదు. ఇంకొక చిక్కు తనఖాకు సంబంధించినది. అసలు దస్తావేజులను బ్యాంకుకు హామీగా అప్పగించి అప్పు తెచ్చుకొనే పద్ధతి ఒకటి ఉంది. పత్రం వ్రాయకుండా కేవలం అప్పగింతతోనే ఆ తనఖా చెల్లుతుంది కనుక అది ఈ.సి.కి ఎక్కకపోవచ్చు. అమ్మేవారు జిరాక్సు ప్రతులనే చూపుతూ ‘అసలువి ఊళ్ళో ఉన్నాయి’ అంటున్నారంటే, ఆ ఊరు ఏ బ్యాంకు లాకరో విచారించడం మంచిది. బ్యాంకుల తాకట్లను నమోదు చేసే కేంద్ర రిజిస్ట్రీ 2011 నుండి పనిచేస్తున్నది. స్వల్ప రుసుము చెల్లించి ఎవరైనా అందులో వెదకవచ్చు.

ఒక మాట విలువ – తులశమ్మ వ్యాజ్యం

పాత పత్రంలోని ఒక్క వాక్యం కొన్నవారి నెత్తిన ఎలా పడగలదో తెలుసుకోవడానికి తెలుగునాట పుట్టి దేశమంతటికీ న్యాయమైన ఒక వ్యాజ్యం ఉంది. అది తులశమ్మ, శేషారెడ్డిల మధ్య నడిచింది.

తులశమ్మ భర్త 1931లో మరణించాడు. ఆయన ఆస్తి సవతి సోదరుడైన శేషారెడ్డితో ఉమ్మడిగా ఉండేది. ఆనాటి ధర్మశాస్త్ర న్యాయం ప్రకారం ఉమ్మడి ఆస్తి శేషారెడ్డికి దక్కింది. ఆమెకు మిగిలింది మనోవర్తి హక్కు. 1944లో ఆమె నెల్లూరు మునసబు కోర్టులో, కోర్టు రుసుము చెల్లించే స్తోమత లేనివారికి కల్పించిన పద్ధతిలో, మనోవర్తికోసం అర్జీ పెట్టుకొన్నది. 1949లో ఉభయులూ రాజీపడ్డారు. మనోవర్తికి బదులుగా కొంత ఆస్తి ఆమెకు ఇచ్చారు. ఆమె బ్రతికినంతకాలం అనుభవించాలి, అమ్మరాదు, ఆమె తదనంతరం ఆస్తి తిరిగి శేషారెడ్డికి చెందాలి అన్నవి ఆ రాజీలోని షరతులు.

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తికి ఆమె పరిమిత హక్కుదారు కాదు, సంపూర్ణ యజమాని అని దాని 14వ విభాగం ప్రకటించింది. అయితే అదే విభాగంలో రెండవ ఉపవిభాగం ఒక మినహాయింపు పెట్టింది. పరిమిత హక్కునే ఇస్తున్నట్లు దానపత్రంలో గాని, వీలునామాలో గాని, డిక్రీలో గాని, అటువంటి ఇతర పత్రంలో గాని ఉంటే ఆ పరిమితి నిలుస్తుంది. తులశమ్మ 1960లో కొంత ఆస్తిని కౌలుకిచ్చింది. 1961లో కొంత భాగాన్ని అమ్మింది. ఆమెకు అమ్మే హక్కు లేదని శేషారెడ్డి అదే ఏడాది దావా వేశాడు. మొదటి కోర్టు ఆయనవైపు, అప్పీలు కోర్టు ఆమెవైపు, హైకోర్టు తిరిగి ఆయనవైపు తీర్పు చెప్పాయి. 1977 మార్చిలో సుప్రీంకోర్టు చివరిమాట చెప్పింది. మనోవర్తి అన్నది రాజీపత్రం దయతో ఇచ్చిన కొత్త వరం కాదని, ఆమెకు ముందునుండి ఉన్న హక్కేనని, రాజీ ఆ హక్కుకు రూపం మాత్రమే ఇచ్చిందని, కనుక ఆమె సంపూర్ణ యజమానురాలని ఆ తీర్పు.

ఈ తీర్పును స్త్రీల ఆస్తిహక్కు చరిత్రలో మైలురాయిగా చెప్పుకోవడం పరిపాటి. కొన్నవారి వైపు నుండి కూడా దీనిని చూడాలి. 1961లో సొమ్ము చెల్లించి దస్తావేజు రిజిస్టరు చేయించుకొన్న వ్యక్తి తన హక్కు నిలిచిందో లేదో తెలుసుకోవడానికి పదహారేళ్ళు పట్టింది. ఆయన దస్తావేజులో లోపం లేదు. పన్నెండేళ్ళ కిందటి మరొక పత్రంలోని ‘బ్రతికినంతకాలం’ అన్న మాటకు అర్థం ఏమిటన్నదే తగవు. ఆ మాట ఇంకా పూర్తిగా చల్లబడలేదు కూడా. 14వ విభాగంలోని రెండు ఉపవిభాగాలపై తరువాతి తీర్పులలో భేదాలు ఏర్పడినందున, సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో ఈ ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి నివేదించింది. కనుక లింకు డాక్యుమెంట్లలో ‘జీవితకాలం’, ‘తదనంతరం’, ‘శేష హక్కు’ అన్న మాటలు కనబడినచోట పాఠకుడు ఆగి చదవాలి.

కుమార్తె సంతకం

ఉమ్మడి కుటుంబపు ఆస్తి కొనేటప్పుడు పూర్వం తండ్రి, కుమారుల సంతకాలతో సరిపెట్టేవారు. ఇప్పుడు అది కుదరదు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5వ తేదీ నాటికి వివాహం కాని కుమార్తెలకు పిత్రార్జితంలో పుట్టుకతోనే కుమారులతో సమానమైన హక్కు కల్పించింది. దేశంలో ఈ మార్గాన నడిచిన తొలి రాష్ట్రాలలో ఇది ఒకటి. 2005లో కేంద్ర చట్టం వివాహిత, అవివాహిత అన్న భేదం లేకుండా కుమార్తెలందరికీ ఆ హక్కును విస్తరించింది. తండ్రి 2005 సెప్టెంబరు 9 నాటికి జీవించి ఉండాలా అన్న సందేహాన్ని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్చింది. ఆ అవసరం లేదని చెప్పింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన అమ్మకాలకు, రిజిస్టరు అయిన పంపకాలకు ఈ చట్టం అడ్డురాదు.

తండ్రి స్వార్జితం సంగతి వేరు. స్వార్జితమైన ఇంటిని ఆయన తన ఇష్టానుసారం అమ్మవచ్చు, ఇవ్వవచ్చు. ఆయన బ్రతికి ఉండగా అందులో కుమారునికి గాని, కుమార్తెకు గాని హక్కు లేదు. ముస్లిం కుటుంబాలలో పుట్టుకతో వచ్చే ఉమ్మడి హక్కు అన్న భావనే లేదు. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. మైనరు వాటా ఉన్న హిందూ కుటుంబపు ఆస్తి అయితే మరికొంత జాగ్రత్త అవసరం. మైనరు సొంత ఆస్తిని సహజ సంరక్షకులు కోర్టు అనుమతి లేకుండా అమ్మితే, ఆ పిల్లవాడు పెద్దవాడైన తరువాత మూడేళ్ళలోగా ఆ అమ్మకాన్ని రద్దు చేయమని కోరవచ్చు.

జి.పి.ఏ., సాదా బైనామా

స్టాంపు ఖర్చు తప్పించుకోవడానికో, అమ్మకం నిషిద్ధమైన భూమిని చేతులు మార్చడానికో జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ పెట్టుకొని స్థలాలు కొనే అలవాటు నగరాలలో చాలాకాలం సాగింది. హర్యానా ప్రభుత్వం ప్రతివాదిగా ఉన్న ఒక వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో ఈ పద్ధతికి తెరదించింది. అటార్నీ పత్రం అంటే ఒకరి తరఫున మరొకరు పనిచేయడానికి ఇచ్చిన అధికారమే గాని యాజమాన్యం కాదని తేల్చి చెప్పింది. తెలంగాణ పల్లెలలో తెల్లకాగితంపై వ్రాసుకొన్న అమ్మకాన్ని ‘సాదా బైనామా’ అంటారు. ఇందులో మోసపు ఉద్దేశం చాలా అరుదు. ఊరి పెద్దల ఎదుట నమ్మకంతో వ్రాసుకొన్నవే ఎక్కువ. కాని అమ్మినవారి మనుమలు నమ్మకాన్ని వారసత్వంగా తీసుకోరు. అటువంటి కొనుగోళ్ళను క్రమబద్ధం చేయడానికి ప్రభుత్వం 2016లోను, 2020లోను దరఖాస్తులు స్వీకరించింది.

నేల స్వభావం

పత్రాలన్నీ సక్రమంగా ఉన్నా నేల అమ్మదగినది కాకపోవచ్చు. భూమిలేని పేదలకు ప్రభుత్వం సాగుకోసం ఇచ్చిన అసైన్డు భూముల బదిలీని 1977 నాటి చట్టం నిషేధించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ఆ చట్టాన్ని సవరించి, ఇరవై ఏళ్ళు పూర్తయిన అసలు లబ్ధిదారులకు హక్కులు కల్పించారు. అయినా ఆ భూమి నిషేధిత జాబితానుండి నిజంగా తొలగిందో లేదో కొనేవారు స్వయంగా చూసుకోవాలి. ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫు భూములు ఉండే ఆ జాబితాను రిజిస్ట్రేషన్ చట్టంలోని విభాగం పేరుతో ‘22-ఎ జాబితా’ అని పిలుస్తారు.

చెరువుల సంగతి ఇంకా తీవ్రమైనది. హైదరాబాదులో ప్రభుత్వ ఆస్తుల రక్షణకోసం 2024 జులైలో ‘హైడ్రా’ అనే సంస్థ ఏర్పడింది. ఆ ఆగస్టు, సెప్టెంబరు నెలలలో చెరువుల పూర్తి నీటిమట్టపు పరిధిలో ఉన్న కట్టడాలు అనేకం కూలిపోయాయి. వాటిలో రిజిస్టరు దస్తావేజు, బ్యాంకు అప్పు, కరెంటు మీటరు, ఇంటిపన్ను రసీదు అన్నీ ఉన్న ఇళ్ళు కూడా ఉన్నాయి. తెలిసి చెరువును పూడ్చినవారు ఒకరు, తెలియక అందులో ఇల్లు కొన్నవారు మరొకరు. వేసవిలో ఎండిన చెరువు మైదానంలాగే కనబడుతుంది. గ్రామ పటంలో మాత్రం అది చెరువే. సర్వే నంబరు పట్టుకొని ఆ పటాన్ని ఒక్కసారి చూడడానికి అయ్యే శ్రమ ఒక పూట.

ప్లాట్ల విషయంలో గ్రామపంచాయతీ ముద్ర ఉన్న లేఔటు కాగితం చాలదు. నగరాభివృద్ధి సంస్థ గాని, పట్టణ ప్రణాళికా శాఖ గాని ఇచ్చిన అనుమతి ఉండాలి. కొలతలలోనూ మోసం దాగి ఉంటుంది. ఎకరమంటే 4,840 చదరపు గజాలు. కోస్తా, రాయలసీమలలో దానిని 100 సెంట్లుగాను, తెలంగాణలో 40 గుంటలుగాను లెక్కిస్తారు. సెంటుకు 48.4 గజాలు, గుంటకు 121 గజాలు. దస్తావేజులోని చతుస్సరిహద్దులను, అంటే నాలుగు దిక్కుల హద్దులను, నేలపై నిలబడి సరిచూసుకోవాలి. తూర్పున ‘ఖాళీ స్థలం’ అని ఉన్నచోట ఈనాడు ఎవరి ఇల్లు ఉందో అడిగి తెలుసుకోవడం కొనేవారి హక్కు.

అపార్టుమెంటు

అపార్టుమెంటులో ఫ్లాటు కొనేవారికి గోడల మధ్య చోటుతోపాటు, నేలలో విడదీయని వాటా కూడా సంక్రమించాలి. భవనం పాతబడి కూలిన నాడు మిగిలేది ఆ వాటాయే. దస్తావేజులో దానిని గజాలలో వ్రాయించుకోవాలి. 2016లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టాన్ని జనం ‘రెరా’ అంటున్నారు. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గాని, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గాని చేపట్టే నిర్మాణాలను అమ్మకానికి ప్రకటించే ముందే నమోదు చేయాలి. రిజిస్టరు అగ్రిమెంటు లేకుండా ధరలో పదిశాతానికి మించి తీసుకోరాదు. వసూలైన సొమ్ములో 70 శాతాన్ని ఆ నిర్మాణానికే కేటాయించిన ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. చెప్పిన గడువుకు ఇల్లు అప్పగించకపోతే కొన్నవారు వడ్డీతో సొమ్ము తిరిగి కోరవచ్చు; ఇల్లే కావాలనుకొంటే ఆలస్యమైన ప్రతి నెలకు వడ్డీ కోరవచ్చు. అప్పగించిన అయిదేళ్ళలోపు కట్టడపు లోపం బయటపడితే నిర్మాతే తన ఖర్చుతో సరిచేయాలి. ఇంటి వైశాల్యాన్ని ‘కార్పెట్ ఏరియా’లో చెప్పాలన్నది ఈ చట్టం చేసిన మేలు. బయటి గోడలు, బాల్కనీ లెక్కలోకి రాకుండా, లోపల వాడుకోదగిన చోటును అది సూచిస్తుంది. మెట్లు, లిఫ్టు, వరండా కలిపి అంకె పెంచి చూపే పాత అలవాటు ప్రకటనలలో ఇంకా పూర్తిగా పోలేదు.

కబ్జా, పట్టా, పాసు పుస్తకం

‘కబ్జా’ అరబ్బీనుండి వచ్చిన పదం. దానికి స్వాధీనం అని అర్థం. పాత దస్తావేజులలో ‘కబ్జా ఇచ్చినాము’ అంటే ఆస్తిని అప్పగించామని గౌరవంగా చెప్పడమే. నేటి వాడుకలో అది ఆక్రమణకు పర్యాయపదమైంది. పదం పడిన ఈ పతనంలో మన నగరాల చరిత్ర కొంత ఉంది. ఇతరుల భూమిని బహిరంగంగా, యజమాని హక్కును ధిక్కరిస్తూ, పన్నెండేళ్ళు నిరంతరంగా అనుభవిస్తే యజమాని దావా వేసే హక్కు కోల్పోతాడని 1963 నాటి కాలపరిమితి చట్టం చెబుతుంది. ప్రభుత్వ భూమికి ఆ గడువు ముప్పై ఏళ్ళు. అద్దెకున్నవారు పన్నెండేళ్ళు దాటితే ఇల్లు తమదే అవుతుందన్న భయం ఇంటి యజమానులలో విస్తారంగా ఉంది. అది నిరాధారం. అద్దెదారు యజమాని అనుమతితో ఉన్నవాడు కనుక ఎన్నేళ్ళు ఉన్నా అనుమతి హక్కుగా మారదు.

కోస్తా, సీమలలో అడంగలు, తెలంగాణలో పహాణీ అని పిలిచే రెవెన్యూ లెక్కలు గాని, పురపాలక సంఘపు ఇంటిపన్ను రసీదు గాని యాజమాన్యానికి తుది రుజువులు కావు. పేరు మార్పిడి అంటే పన్ను ఎవరు కట్టాలో తెలిపే నమోదు మాత్రమేనని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. తెలంగాణలో వ్యవసాయ భూముల లెక్కలకోసం 2020 అక్టోబరులో ధరణి వచ్చింది. దాని స్థానంలో 2025 ఏప్రిల్‌లో భూభారతి చట్టం అమలులోకి వచ్చింది. హక్కుకు ప్రభుత్వమే పూచీ పడే పద్ధతిని ఆంధ్రప్రదేశ్ 2022లో ఆమోదించిన భూ యాజమాన్య హక్కుల చట్టం ద్వారా ప్రవేశపెట్టింది. 2023 అక్టోబరులో అది అమలులోకి వచ్చింది. సివిల్ కోర్టుల అధికారం అధికారుల చేతికి పోతుందని న్యాయవాదులు ఆందోళన చేశారు. 2024లో ఆ చట్టం రద్దయింది. ఆశయం మంచిదే. కాని శతాబ్దాలుగా పేరుకొన్న తప్పుల లెక్కలకు పూచీ ఇవ్వడానికి ముందు ఆ లెక్కలను సరిదిద్దాలి.

ఇచ్చేముందు

ఇల్లు సంపాదించినవారిని వృద్ధాప్యంలో వేధించే ప్రశ్న, పిల్లలకు ఎలా ఇవ్వాలన్నది. వీలునామా వ్రాసినవారి మరణానంతరమే అమలులోకి వస్తుంది. ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఇద్దరు సాక్షులు చాలు; స్టాంపు అక్కరలేదు. రిజిస్టరు అయిన పాత వీలునామాకంటె రిజిస్టరు కాని కొత్త వీలునామాయే, అది నిజమైనదని రుజువైతే, చెల్లుతుంది. దానపత్రం అలా కాదు. అది రిజిస్టరు కావాలి, గ్రహీత దానిని స్వీకరించాలి. ఆ క్షణంలో ఇల్లు చేయి దాటిపోతుంది. మనసు మారినంత మాత్రాన తిరిగిరాదు. తలుపు వెలుపల నిలబడిన తల్లిదండ్రులకోసమే 2007 నాటి వయోవృద్ధుల సంక్షేమ చట్టంలో 23వ విభాగం వచ్చింది. తమను పోషించాలన్న షరతుతో ఆస్తి ఇచ్చి ఉండి, ఆ షరతును గ్రహీత తప్పితే, ట్రిబ్యునలు ఆ బదిలీని రద్దు చేయవచ్చు. షరతు ఉన్నట్లు చూపవలసిందేనని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది. ఆ చట్టాన్ని వృద్ధుల మేలుకోరి ఉదారంగా చదవాలని 2025 జనవరిలో మరొక ధర్మాసనం చెప్పింది. ఈ రెండు తీర్పుల మధ్య ఊగిసలాట పడకుండా ఉండాలంటే, ‘మమ్ములను జీవితాంతం పోషించే షరతుపై’ అన్న నాలుగు మాటలను దానపత్రంలోనే వ్రాయించుకోవడం సులభం. కన్నబిడ్డ ముందు ఆ మాట వ్రాయించడానికి చాలామంది సంకోచిస్తారు. దస్తావేజు లేఖకుడు దానిని మామూలు వాక్యంగానే వ్రాస్తాడు.

దస్తావేజు పోగొట్టుకొన్నవారు హక్కు పోయిందని భయపడనక్కరలేదు. రిజిస్టరు అయిన ప్రతి పత్రానికీ నకలు సబ్-రిజిస్ట్రారు కార్యాలయంలో ఉంటుంది. అమ్మకం, దానం, తనఖా మొదలైన స్థిరాస్తి పత్రాలన్నీ అక్కడి ఒకటవ పుస్తకంలో చేరతాయి. రుసుము చెల్లించి ఎవరైనా వాటి ధ్రువీకరించిన నకలు పొందవచ్చు. వీలునామాలు ఉండేది మూడవ పుస్తకంలో. వ్రాసినవారు జీవించి ఉన్నంతవరకు దాని నకలు వారికి గాని, వారు నియమించినవారికి గాని తప్ప మరెవరికీ ఇవ్వరు.